ఏ సెరమైడ్, ఎక్కడి సెరమైడ్?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. గత నెలలో మీ పత్రిక ఆరోగ్య పుటలో, రక్తంలో సెరమైడ్లు పెరిగినవారికి గుండెపోటు ముప్పు ఎక్కువని హెచ్చరిస్తూ ఒక వ్యాసం వచ్చింది. అదే వారం ఆదివారం అనుబంధంలో, సెరమైడ్ గోళీలు వేసుకుంటే చర్మం నిగనిగలాడుతుందని సగం పేజీ ప్రకటన వచ్చింది. రెండూ చదివిన నా పూర్వ విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి, "మాస్టారూ, ఇంతకీ ఇది తినమంటారా, మానమంటారా?" అని అడిగింది. ముప్పయ్యేళ్లు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి అప్పటికి ఏదో సర్దిచెప్పాను గాని, అదే సందేహం మీ పాఠకుల్లో మరికొందరికీ కలిగి ఉంటుందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, మన్నించగలరు.

ముందుగా పేరు సంగతి. సెరమైడ్ అనేది స్ఫింగోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాల కుటుంబానికి చెందినది. లండన్‌లో వైద్యవృత్తి చేస్తూ, పశువుల మెదళ్లను ఏళ్ల తరబడి విశ్లేషించిన జర్మన్ వైద్యుడు టూడికమ్, 1884లో ఈ కుటుంబానికంతటికీ మూలమైన అణువును వివరించి, అది తనకు వేసిన చిక్కుప్రశ్నలకు గుర్తుగా, దారిన పోయేవారికి పొడుపుకథలు వేసే గ్రీకు పురాణ జీవి స్ఫింక్స్ పేరు మీద దానికి స్ఫింగోసిన్ అని పేరు పెట్టాడు. ఆ స్ఫింగోసిన్‌కు ఒక కొవ్వు ఆమ్లం కలిస్తే సెరమైడ్ అవుతుంది. సెరమైడ్‌కు ఫాస్ఫోకోలిన్ కలిస్తే స్ఫింగోమైలిన్, చక్కెరలు కలిస్తే సెరిబ్రోసైడ్లు, గాంగ్లియోసైడ్లు. మన ప్రతి కణం చుట్టూ ఉండే పొరలోనూ, నరాలను చుట్టి ఉండే మైలిన్ తొడుగులోనూ, ఒంట్లోని నీరు ఆవిరై పోకుండా చర్మం పైపొరలో అడ్డుకునే పూతలోనూ ఇవే ఉంటాయి. శరీరం వీటిని తనంతట తానే తయారు చేసుకోగలదు. అందుకే విటమిన్లకు చెప్పినట్టు వీటిని రోజుకు ఇంత తినితీరాలని ఎవరూ మోతాదు నిర్ణయించలేదు.

అలాగని తిండిలో లేవా అంటే, కణపొర ఉన్న ప్రతి పదార్థంలోనూ ఎంతో కొంత ఉన్నాయి. అమెరికా ఆహారపు అలవాట్లను లెక్కగట్టి 1999లో వెలువరించిన అంచనా ప్రకారం ఒక మనిషి రోజుకు తినేది సుమారు 0.3 నుంచి 0.4 గ్రాములు. కిలో కోడిగుడ్లలో గ్రామున్నర, రెండు గ్రాముల మధ్య ఉంటాయి, సోయా చిక్కుడులోనూ దాదాపు అంతే. పాలలో కిలోకు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ. పళ్లలో, కూరగాయల్లో అంతకన్నా తక్కువ. ఉప్పు చిటికెడు ఎంతో, వీటి రోజువారీ మోతాదు అంతే అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. తిన్న స్ఫింగోమైలిన్ తిన్నట్టుగానే రక్తంలోకి వెళ్లదు. నోట్లోగాని, జీర్ణాశయంలోగాని దాన్ని విడగొట్టే ఎంజైములు లేవు. చిన్నపేగు గోడల మీద ఉండే ప్రత్యేకమైన ఎంజైములు దాన్ని మెల్లగా ముందు సెరమైడ్‌గా, తర్వాత స్ఫింగోసిన్‌గా విడగొడతాయి. ఈ పని ఎంత నిదానమంటే, కొంత భాగం అరగకుండానే పెద్దపేగు దాకా వెళ్తుంది. పేగు కణాల్లోకి చేరిన స్ఫింగోసిన్‌లో అధికభాగం అక్కడే పామిటిక్ ఆమ్లంగా మారి మామూలు కొవ్వులో కలిసిపోతుందని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వారు 1960ల చివర్లోనే చూపారు. కాబట్టి గోళీలోని సెరమైడ్ చర్మానికి పోయి అతుక్కోదు, గుడ్డులోని స్ఫింగోమైలిన్ పోయి గుండె రక్తనాళంలో పేరుకోదు.

మరి రక్తంలో కనిపించే సెరమైడ్లు ఎక్కడివి? అవి చాలావరకు మన కాలేయమూ ఇతర కణాలూ స్వయంగా చేసినవి. వాటికి ముడిసరుకు సెరీన్ అనే అమైనో ఆమ్లమూ, పామిటిక్ ఆమ్లమూ. పామాయిల్‌లో నూటికి నలభైకి పైగా ఉండేది ఈ పామిటిక్ ఆమ్లమే, పాలకొవ్వులో కూడా నాలుగో వంతుకు మించి ఇదే. స్వీడన్‌లో అధిక బరువున్నవారికి ఎనిమిది వారాలపాటు రోజువారీ తిండికి అదనంగా కొందరికి పామాయిల్, కొందరికి పొద్దుతిరుగుడు నూనె ఇచ్చి చూసిన పరిశోధన 2019లో వెలువడింది. పామాయిల్ తిన్నవారి కాలేయంలో కొవ్వూ రక్తంలో సెరమైడ్లూ పెరిగాయి, రెండో నూనె తిన్నవారిలో అలా పెరగలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ 2016 నుంచి చేస్తున్న రక్త సెరమైడ్ పరీక్ష కొలిచేది ఈ ఇంటి సరుకునే గాని, నిన్న తిన్న గుడ్డును కాదు. మీ ఆరోగ్య పుట వ్యాసంలో ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లనే అంత గందరగోళం.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న పాల సంగతి. నా చిన్నతనంలో మా అమ్మ మీగడ కూడబెట్టి, తోడు వేసి, తెల్లవారుజామున కవ్వంతో చిలికేది. వెన్న తేలి ముద్ద కట్టే వేళకు చన్నీళ్లు చల్లి, చేత్తో తీసి, నీళ్లలో కడిగి పక్కన పెట్టేది. కాచేటప్పుడు మొదట చిటపటలు, తర్వాత నురగ. ఆ నురగ తగ్గి, గిన్నె అడుగున గసి ఎర్రబడి, వీధి అరుగు దాకా వాసన రాగానే మునగాకు రెమ్మ వేసి దించేది. నెయ్యి వంచుకున్నాక అడుగున మిగిలిన గసిని మా ఇంట్లో గోదారి అనేవాళ్లం. అందులో వేడన్నం, కాస్త బెల్లం వేసి గిన్నె మాకు ఇచ్చేసేది. ఆ గిన్నె కోసం మా చెల్లెలికీ నాకూ రోజూ తగాదాయే. నెయ్యి పెద్దలకు, పండుగలకు, వచ్చే పోయే చుట్టాలకు. మజ్జిగ మాత్రం ఎవరు చెంబు పట్టుకొచ్చినా పోసేది.

రసాయనం చదివాక గాని నాకు తెలియలేదు, మా అమ్మ ఒకదాన్ని దాచి మరొకదాన్ని పంచినప్పుడు ఏది ఎటు పోయిందో. పాలలో కొవ్వు విడివిడి బిందువులుగా ఉంటుంది. ఆవుపాలలో ఒక్కో బిందువు సగటున మిల్లీమీటరులో రెండువందల యాభయ్యో వంతు ఉంటుంది, గేదెపాలలో అంతకన్నా కాస్త పెద్దది. ప్రతి బిందువు చుట్టూ, ఆ పశువు పొదుగు కణం నుంచి బయటపడేటప్పుడు చుట్టుకుని వచ్చిన పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఉండబట్టే బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి. పాలలోని స్ఫింగోమైలిన్ ప్రధానంగా ఉండేది ఆ పొరలోనే, దాని కొవ్వుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అదే. చిలకడమంటే ఆ పొరను చింపడం. లోపలి కొవ్వు ముద్దకట్టి వెన్నవుతుంది, చిరిగిన పొర ముక్కల్లో పెద్ద భాగం మజ్జిగలోకి దిగుతుంది. వెన్నతో వచ్చిన కొద్దిపాటి పొర కూడా కాచేటప్పుడు గసిలోకి పోతుంది. నెయ్యి బాగా ఎర్రగా కాగినప్పుడు గసిలోని ఫాస్ఫోలిపిడ్లు అనే పొర కొవ్వులు కొంత తిరిగి నేతిలోకి దిగుతాయి గాని, మొత్తం మీద నెయ్యి అంటే పొర వలిచేసిన పాలకొవ్వు. సెరమైడ్‌కు ముడిసరుకైన పామిటిక్ ఆమ్లం నేతికి మిగిలింది, కొలెస్ట్రాల్‌ను పేగులో పట్టి ఉంచే స్ఫింగోమైలిన్ మాత్రం మజ్జిగ కుండకూ పిల్లల గోదారి గిన్నెకూ పోయింది.

ఈ తేడా మనిషి మీద కనిపిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికినవారున్నారు. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2015లో వెలువరించిన ప్రయోగంలో, అధిక బరువున్న 57 మంది ఎనిమిది వారాలు రోజుకు 40 గ్రాముల పాలకొవ్వు తిన్నారు. కొందరికి అది పొర చెదరని మీగడగా, కొందరికి పొర తీసేసిన బటర్ ఆయిల్‌గా ఇచ్చారు. బటర్ ఆయిల్ అంటే మన నేతికి దగ్గరి చుట్టం. కొవ్వు అంతే, మోతాదు అంతే. బటర్ ఆయిల్ తిన్నవారిలో చెడు కొలెస్ట్రాల్ సగటున డెసిలీటరుకు 14 మిల్లీగ్రాముల దాకా పెరిగింది, మీగడ తిన్నవారిలో చెప్పుకోదగినంత పెరగలేదు. ఫ్రాన్స్‌లో 2020లో వెలువడిన మరో ప్రయోగంలో, ముట్లుడిగిన, అధిక బరువున్న 58 మంది స్త్రీలకు నాలుగు వారాలపాటు పాలపొర కొవ్వులు కలిపిన మెత్తని చీజ్ ఇచ్చారు. రోజుకు 5 గ్రాములు తీసుకున్నవారిలో చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. స్ఫింగోమైలిన్ పేగులో కొలెస్ట్రాల్‌ను గట్టిగా పట్టుకుని అది ఒంటికి పట్టకుండా చేస్తుందన్నది దీనికి ఇచ్చిన వివరణ. కెనడాలోని క్యుబెక్‌లో 2013లో, వెన్న తీశాక మిగిలిన మజ్జిగను ఎండబెట్టిన పొడి రోజుకు 45 గ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే మొత్తం కొలెస్ట్రాల్ నూటికి మూడు పాళ్లు తగ్గింది.

అయితే ఇక్కడే పాఠకులను ఆపాలి. ఇదంతా చూసి పాలపొర కొవ్వుల గోళీల కోసం బయలుదేరనక్కర్లేదు. స్వీడన్‌లోనే 2009లో వెలువడిన ప్రయోగంలో ఆరోగ్యవంతులకు రోజుకు గ్రాముకు దగ్గరగా పాల స్ఫింగోలిపిడ్లు నాలుగు వారాలు ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఫ్రాన్స్ స్త్రీలు తిన్న 5 గ్రాముల పొర కొవ్వు మన ఇంటి పాల నుంచి రావాలంటే రోజుకు బిందెడు తాగాలి. క్యుబెక్ మజ్జిగ కూడా తియ్యటి మీగడను చిలికి తీసినది, పెరుగు చిలికిన మన మజ్జిగ కాదు, అందులో నీళ్లూ లేవు. కాబట్టి మజ్జిగ గుండెజబ్బుకు మందని నేను అనడం లేదు. దాన్ని వెన్న తీసేయగా మిగిలిన వృథా సరుకుగా చూడవద్దని, నేతిని అమృతమంటూ పేజీలకు పేజీలు రాసేటప్పుడు దాని నుంచి ఏమి పోయిందో కూడా ఒక వాక్యం రాయమని మాత్రమే అంటున్నాను. పొలం పని చేసే మనిషి పప్పన్నంలో చెంచాడు నెయ్యి వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి ఉదయాన్నే కాఫీలో గరిటెడు నెయ్యి పోసుకోమని చెప్పే వ్యాసాలతోనే నా పేచీ.

ఇంకో చిన్న మాట. ప్యాకెట్లలో దొరికే మజ్జిగ చాలావరకు చిలికి తీసినది కాదు, పెరుగులో నీళ్లు కలిపినది. వెన్న తీయని పాల పెరుగుతో చేసినదైతే పొరా కొవ్వూ రెండూ అందులో ఉన్నట్టే. వెన్న తీసిన పాలతో చేసినదైతే పొరలో చాలాభాగం మీగడతో పాటే డైరీలో ఉండిపోయినట్టు. ప్యాకెట్ వెనక కొవ్వు శాతం చూస్తే ఆ రెండింటిలో ఏదో తెలుస్తుంది.

చర్మం సంగతి క్లుప్తంగా. జపాన్‌లో 2015 నుంచి అమల్లో ఉన్న ఆహార లేబుళ్ల పద్ధతి కింద, తవుడు నుంచీ కొంజాక్ దుంప నుంచీ తీసిన గ్లూకోసిల్‌సెరమైడ్‌ను, అంటే చక్కెర అతికిన సెరమైడ్‌ను, రోజుకు మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాముల లోపు మోతాదులో, చర్మంలో తేమ నిలుపుతుందనే మాటతో అమ్ముతున్నారు. ప్రయోగాల్లో కొంత మెరుగు కనబడిన మాట నిజమే గాని, అది పొడి చర్మంలో తేమను కొలిచే యంత్రం పట్టుకోగలిగేంత మెరుగు, ప్రకటనలోని అమ్మాయి బుగ్గల మెరుపు కాదు. పైగా మొక్కల స్ఫింగోసిన్ మన స్ఫింగోసిన్ లాంటిది కాదు, పేగు కణాలు దాన్ని గుర్తుపట్టి చాలావరకు వెనక్కి నెట్టేస్తాయి. చర్మానికి తిండి ద్వారా తప్పనిసరిగా అందవలసినది మరొకటుంది. చర్మపు పైపొరలోని ప్రత్యేకమైన సెరమైడ్లకు లినోలిక్ ఆమ్లం అతికి ఉండాలి, దాన్ని శరీరం తయారు చేసుకోలేదు. కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టిన ఎలుకల చర్మం పొలుసులు కట్టడం 1929లోనే అమెరికాలో బర్ దంపతులు గమనించారు. ఆ ఆమ్లం నువ్వుల నూనెలో నూటికి నలభై పాళ్ల దాకా, వేరుశనగ నూనెలో ముప్పై పాళ్ల ప్రాంతంలో ఉంది. నెలకు వేల రూపాయల గోళీలు కొనేముందు వంటింట్లో ఏ నూనె వాడుతున్నామో చూసుకోవడం మంచిది.

పసిపిల్లల విషయంలో కూడా అటువంటి ఆర్భాటమే మొదలైంది. తల్లిపాలలో స్ఫింగోమైలిన్ సహజంగానే ఉంది, వెన్న తీసిన పాలపొడికి మొక్కల నూనెలు కలిపి చేసే డబ్బాపాలలో తగినంత లేదు. స్వీడన్‌లో 160 మంది డబ్బాపాల శిశువులపై చేసిన ప్రయోగంలో, పాలపొర కలిపిన డబ్బాపాలు తాగినవారు ఏడాది వయసులో తెలివితేటల పరీక్షలో మిగతావారికన్నా నాలుగు పాయింట్లు ముందున్నారు. ఆరున్నరేళ్లు వచ్చేసరికి ఆ తేడా కనిపించలేదు. మన దేశంలో 1992 నాటి చట్టం డబ్బాపాల ప్రకటనలను నిషేధించింది కాబట్టి, ఈ వార్త మొదటి సగం మాత్రమే వ్యాసాల రూపంలో ప్రచారంలోకి రాకుండా మీరు కనిపెట్టి ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కొంచెం మేలో, ఇంకొంచెం మేలో అని తూచుకునే సంగతులు. ఆహారానికీ స్ఫింగోలిపిడ్లకూ ఉన్న సంబంధంలో అందరికన్నా మన రైతులనూ కూలీలనూ తాకేది వేరొకటుంది, దాని గురించి ఆరోగ్య పుటల్లో నేను చదివిన గుర్తు లేదు. అది బూజు. మొక్కజొన్న, జొన్న కంకులను పట్టే ఫ్యుసేరియం అనే బూజు ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని చేస్తుంది. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు 1988లో దాన్ని కనుగొన్నారు. చూడటానికి అది అచ్చం స్ఫింగోసిన్ లాగే ఉంటుంది. ఆ పోలికతోనే అది కణాల్లో సెరమైడ్‌ను తయారుచేసే ఎంజైమును మోసగించి, దాని పనిని అడ్డుకుంటుందని 1991లో అమెరికాలో తేలింది. సెరమైడ్ తగ్గిపోతుంది, దానికి ముందుమెట్టు పదార్థాలు పేరుకుపోతాయి. ఆ బూజు మేత తిన్న గుర్రాలకు మెదడు మెత్తబడి చావు వస్తుంది, పందులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గర్భిణి ఒంట్లో ఫోలిక్ ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే గ్రాహకం స్ఫింగోలిపిడ్లు దట్టంగా ఉన్న పొర భాగంలోనే నిలబడి ఉంటుంది కాబట్టి, ఆ పొర దెబ్బతింటే ఫోలిక్ ఆమ్లం సరిగా అందదు. టెక్సాస్, మెక్సికో సరిహద్దులో 1990, 1991లలో శిశువుల వెన్నుపాము లోపాలు ఒక్కసారిగా పెరిగినప్పుడు, అక్కడివారు రోజూ తినే మొక్కజొన్న రొట్టెల మీద అనుమానం పడింది ఇందువల్లనే.

ఇదేదో పరాయి దేశాల గొడవ అనుకోవడానికి వీల్లేదు. 1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో, కోతల వేళ అకాల వర్షానికి తడిసి బూజుపట్టిన జొన్నలూ మొక్కజొన్నలూ తిన్న కుటుంబాల్లో కడుపునొప్పి, కడుపులో గడగడలు, విరేచనాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఆ గింజలను పరీక్షించి అందులో ఫ్యుమోనిసిన్ ఉన్నట్టు నిర్ధారించి, 1997లో ప్రచురించారు. మంచి గింజ అమ్ముకుని, తడిసిన గింజ ఇంటికి ఉంచుకోవడం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు, అది అమ్ముడుపోదు కాబట్టి అది తింటారు. ఈ విషం మామూలు వంట వేడికి పోదు. ఆహార సంకలితాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2001లో దీనికి పెట్టిన హద్దు, కిలో శరీర బరువుకు రోజుకు 2 మైక్రోగ్రాములు. అంటే యాభై కిలోల మనిషికి 100 మైక్రోగ్రాములు మాత్రమే.

అందువల్ల నా విన్నపం ఒకటి. సెరమైడ్ గోళీల ప్రకటనకు ఇచ్చినంత చోటు, వానాకాలపు మక్కలు ఇంటికి వచ్చే ముందొకసారి, యాసంగి కోతలకు ముందొకసారి మీ వ్యవసాయ పుటలో ఈ విషయానికి కేటాయించండి. గింజలో తేమ నూటికి 14 పాళ్లకు దిగేదాకా ఎండబెట్టాలనీ, మబ్బు పట్టిన రోజు కల్లంలో కుప్ప మీద పట్టా కప్పి వదిలేయకుండా గాలి ఆడేలా చూడాలనీ రాయించండి. ముక్కలైన గింజల్లో, పొట్టులో, పురుగు తొలిచిన గింజల్లో విషం ఎక్కువగా ఉంటుంది గనుక, పిండి పట్టించే ముందు చేటతో చెరిగి, లేత గులాబీ రంగో తెలుపో బూజు కనబడిన గింజలను ఏరేయాలనీ, ఏరేసిన వాటిని కోళ్లకు గాని పశువులకు గాని వేయవద్దనీ చెప్పించండి.

నా పూర్వ విద్యార్థినికి మొన్న ఫోన్ చేసి ఇదే చెప్పాను. వాళ్ల మామగారు నాలుగెకరాల్లో మొక్కజొన్న వేశారట. గోళీల మాట మరిచిపోయి, కల్లం మీద పట్టా ఎన్నాళ్లు ఉంచవచ్చో అడిగింది.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు,
నరసరావుపేట